బోదె గట్టు నుంచి గంగ గట్టు దాకా

ఉత్తరాది చూసి వచ్చినవాళ్లంతా తాజ్‌మహలు కోసమనో, కాశీ కోసమనో వెళ్లామని రాస్తారు. నేను మాత్రం హనుమంతప్పను మా కాలువకు ఇరవై రోజులు దూరంగా ఉంచడానికి వెళ్లాను. ఈ మాట ముందే చెప్పేస్తే, తరవాత నేను చెప్పబోయేవి మీరు నమ్ముతారని ఆశ.

మాది రాయచూరు జిల్లాలో, తుంగభద్ర ఎడమ కాలువ చివర్న, మాన్వి దాటి యరగేర వైపు వచ్చే నేలల్లో, కోస్తా నుంచి వలస వచ్చిన రైతుల క్యాంపు. తణుకు దగ్గర ఉన్న ఎకరంన్నర అమ్ముకుని ఇక్కడ ఐదెకరాలు కొన్నాను. కొనేటప్పుడు మట్టి చూశాను, ధర చూశాను, పొలంలోకి నీళ్లు తెచ్చే బోదె, అంటే పిల్లకాలువ, అదీ చూశాను. ఆ బోదె మీద నాకంటే పైన ఎవరున్నారో చూడలేదు. పైన హనుమంతప్ప ఉన్నాడు. తాతల నాటి నుంచి జొన్న వేసుకున్న యరగేర కుటుంబం. కాలువ వచ్చాక ఆయన కూడా వరి మొదలుపెట్టాడు. అప్పట్నుంచీ నీళ్లు చాలవేమోనని ఆయనకు బెంగ. గోనెసంచిలో మట్టి నింపి బోదెకి అడ్డం వేసి, పారే నీరంతా తన మళ్లలోకి తిప్పుకునేవాడు. నేను వెళ్లి సంచి లాగేసేవాణ్ణి. ఆయన వచ్చి మళ్లీ వేసేవాడు. ఆరేళ్లుగా మా ఇద్దరికీ ఇదే వ్యవసాయం. కిందటేడు సరిగ్గా వరి చిరుపొట్ట మీద, లోపల ఎన్ను కట్టే వేళ, నీరందక నా ఐదెకరాల్లో సగం తాలు పోయింది. ఈ ఏడూ అలాగే అయితే మూటాముల్లె సర్దుకుని తణుకు వెళ్లిపోవడం తప్ప దారి లేదు. అక్కడ ఇప్పుడు నాకు నిలబడటానికి కూడా చోటు లేదు.

దసరా ముందు బస్టాపు హోటల్లో హనుమంతప్ప ఎవరితోనో, "ఢిల్లీ జూడాలె, గంగల మునగాలె. ఇగ ఎప్పుడు పోతనో ఏమో" అనడం నా చెవిన పడింది. వరి చిరుపొట్టకి వచ్చే రోజులు లెక్కేసుకుని, వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.

"దసరా వెళ్లగానే నేనూ బయల్దేరుతున్నాను హనుమంతన్నా. ఇరవై రోజులు. వస్తారా?" అన్నాను.

"పోదం తియ్యి అన్నా" అన్నాడాయన, టీ కూడా కింద పెట్టకుండా.

అంత తొందరగా ఒప్పుకున్నందుకు నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నా తెలివికి నేనే మురిసిపోతూ ఇంటికొచ్చి మా సీతకి చెప్పాను. ఆయన ఊళ్లో ఉండడు కాబట్టి మడి నిండా నీళ్లు కట్టించుకోమన్నాను.

"ఆయన ఉండడు సరే, నరసమ్మ ఉంటుందిగా" అంది సీత. నరసమ్మ అంటే హనుమంతప్ప భార్య.

"ఆడమనిషి, ఆవిడేం చేస్తుందే" అన్నాను. సీత నా మొహం వంక ఒక్కసారి చూసి, కందిపొడి సీసాకి గుడ్డ కట్టడంలో పడిపోయింది.

మన్మాడు

సామాను భుజాన వేసుకుని తిరగాలని నా పట్టుదల. ఖాళీ ఎరువుల సంచులకి రెండేసి పట్టీలు కుట్టించాను. వీపు మీద ఎరువు పేరు, బస్తా బరువు పెద్ద అక్షరాల్లో అలాగే ఉండిపోయాయి. రాయచూరులో రైలెక్కి దౌండులో ఒకసారి, మన్మాడులో ఒకసారి మారే లోపల, ఆ సంచులు చూసి ఇద్దరు మనుషులు బస్తా ఎంత అని అడిగారు.

హనుమంతప్పకి నిజాం నాటి ఉర్దూ వచ్చు. అది మన్మాడు దాకా బంగారంలా చెల్లింది. అక్కడ ప్లాట్‌ఫారం మీద చెరకు నరకడానికి పోతున్న ఒక మరాఠీ ముసలమ్మ మా పక్కనే మూట విప్పింది. అందులో జొన్నరొట్టెలు. హనుమంతప్ప తన మూట కూడా విప్పాడు. అందులోనూ జొన్నరొట్టెలే, కాకపోతే ఎండబెట్టినవి, నెల రోజులు నిలవుండేవి. ఇద్దరూ ఒకరి రొట్టె ఒకరు తీసుకుని, వెలుతురుకి పట్టి చూసి, అంచు విరిచి వాసన చూశారు. కంసాలి కూడా బంగారాన్ని అంత శ్రద్ధగా చూడడు. చివరికి ఆవిడ ఒక రొట్టె ఇచ్చి రెండు తీసుకుంది.

"రొట్టె జరంత మందమున్నది గాని, జొన్న మంచిది" అన్నాడు హనుమంతప్ప నాతో.

నేను అర్ధరూపాయికి పూరీ, బంగాళాదుంప కూర కొనుక్కుని వాళ్లిద్దరినీ జాలిగా చూశాను. నాలుగో రోజుకి నా పొట్ట అన్నం కోసం ఏడుపు మొదలెట్టింది. ఎక్కడ అడిగినా గోధుమ రొట్టెలే. అన్నం అని అడిగితే ఒక హోటలువాడు, ఒంట్లో బాలేదా అని పరామర్శించాడు. ఆ రోజు హనుమంతప్ప ఎండురొట్టె విరిచి, శేంగా పొడి, అంటే మన వేరుశనగ పొడి, చల్లి, నూనె బొట్టు వేసి నా చేతిలో పెట్టాడు. ఆరేళ్లలో ఆయన చేతి నుంచి నా చేతికి వచ్చిన మొదటి వస్తువు అదే.

ఆగ్రా

ఆగ్రాలో టాంగావాడు మమ్మల్ని ఒక మిఠాయి కొట్టు ముందు దింపి, తాజ్‌మహలు పొద్దు వాలాక బావుంటుందన్నాడు. ఆ కొట్టువాడికి టాంగావాడు బామ్మర్ది అవుతాడట. అక్కడ పేఠా అనే తెల్లటి మిఠాయి అమ్ముతారు. హనుమంతప్ప ఒకటి నోట్లో వేసుకుని, బాగుందని రెండోది తీసుకుని, దేంతో చేస్తారని అడిగాడు. కొట్టువాడు లోపల్నుంచి ఒక బూడిద గుమ్మడికాయ తెచ్చి చూపించాడు.

"గిదా? మేము గిది దిష్టికి కడతం, తలుపుకు" అన్నాడు హనుమంతప్ప, నములుతున్నది ఆపేసి.

"మా వైపు వడియాలు పెడతాంగా. మింగండి, ఏం కాదు" అన్నాను.

ఆయన మింగడమా ఉమ్మడమా అని కాసేపు ఆలోచించి మింగాడు. సాయంత్రానికి మాత్రం ఒక కిలో కట్టించుకున్నాడు. దిష్టి లోపలికే పోయింది కాబట్టి ఇక బయట్నుంచి తగలదని ఆయన లెక్క.

తాజ్‌మహలు గురించి మీరు చాలా చదివి ఉంటారు. మేము చూసింది కొంచెం వేరు. హనుమంతప్ప గోపురం వంక ఒకసారి తలెత్తి చూసి, "మంచిగున్నది" అని, దాని ముందున్న పొడుగాటి నీళ్ల తొట్టి దగ్గర ఆగిపోయాడు. ఆ నీళ్లు ఎక్కడ్నుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అన్నది ఆయనకు అంతుపట్టలేదు. అందరూ గోపురం వైపు నడుస్తుంటే మేము తొట్టి వెంబడి వెనక్కి నడిచాం. ఒక తోటమాలిని పట్టుకుని అడిగితే, మా ఆసక్తికి సంబరపడి, గోడ పక్కన పాతకాలంలో యమున నీళ్లు తోడి పైకెక్కించిన చోటంతా తిప్పి చూపించాడు. గంటన్నర పట్టింది. సమాధి లోపలికి వెళ్లడానికి మాకు టైము చాల్లేదు.

బయటికొస్తూ హనుమంతప్ప, "కట్టినోడు తెలివిగలోడు అన్నా. నది పక్కకే జాగ జూసుకుండు. మొదటి తూము ఆయనదే" అన్నాడు.

"మరి కిందున్నవాళ్ల సంగతి?" అన్నాను.

ఆయన పేఠా పొట్లం విప్పాడు.

కర్నాల్ దారిలో

ఢిల్లీలో రెండు రోజులున్నాం. ధర్మశాలలో మనిషికి రూపాయి, మంచానికి ఇంకో అర్ధ. అక్కడ నాకు గుర్తున్నది, రోడ్డు దాటడానికి హనుమంతప్ప నా చెయ్యి పట్టుకోవడం. దాటాక కూడా చాలా దూరం వదల్లేదు. ఇద్దరం కొట్టుకోవడానికి తప్ప ఎప్పుడూ చేతులు కలపని మనుషులం కాబట్టి నాకు వింతగా అనిపించింది.

హరిద్వారం తిన్నగా వెళ్లొచ్చు. కానీ కర్నాల్ వైపు వరి వేస్తారని విని, చూసిపోదామని ఆ దారిన బస్సెక్కాం. కర్నాల్ ఇంకా పది మైళ్లుందనగా బస్సు టైరు పేలింది. మిగతా ప్రయాణికులు చెట్టు నీడకి పోయారు. మేమిద్దరం, ఎవరూ చెప్పకుండానే, కాస్త దూరంలో కనబడ్డ కాలువ గట్టుకి పోయాం. పక్క పొలాల్లో వరి కోతలు. కోసేవాళ్లు తూర్పు నుంచి వలస వచ్చిన కూలీలట. మాకు దేవదుర్గ నుంచి వచ్చినట్టే.

గట్టు మీద తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన, మెళ్లో తాడుకి జేబు గడియారం వేలాడదీసుకుని, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆయన పొలంలోకి నీళ్లు పారుతున్నాయి. కాసేపటికి గడియారం చెవి దగ్గర పెట్టుకుని విని, లేచి పారతో తన మడి మూసేసి పక్కవాడి మడి తెరిచాడు. ఆ పక్క పొలంలో మనిషన్నవాడే లేడు. హనుమంతప్ప నోరు తెరుచుకుని చూశాడు.

ముసలాయన మమ్మల్ని పిలిచి, కంచు గ్లాసుల నిండా మజ్జిగ పోసి, హుక్కా ముందుకు తోశాడు. మా సంచుల మీద రాత చూసి ఎరువు బస్తా ఎంతని కూడా అడిగాడు. అప్పటికే హనుమంతప్ప ఉర్దూ అరిగిపోయి సగం మాటలు, సగం సైగలుగా ఉంది. అయినా విషయం తెలిసింది. ఇక్కడ ఎకరానికి ఇన్ని నిమిషాలని లెక్క. వారంలో ఏ రోజు, ఎన్ని గంటలకి ఎవరి వంతో రాసి ఉంటుంది. టైము అవగానే మూసేయాలి, పక్కవాడు వచ్చినా రాకపోయినా.

"ఒక పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటే ఏమవుతుందో అడగండి" అన్నాను.

హనుమంతప్ప అడిగాడు. ముసలాయన నోరు తెరిచి, పై వరసలో లేని మూడు పళ్ల చోటు వేలితో చూపించాడు.

"తమ్ముడు గొట్టిండంట, పార కర్రతోని" అన్నాడు హనుమంతప్ప. "పావుగంట ఎక్కువ దీసుకున్నడంట."

"తమ్ముడి మీద కోపం లేదా?"

"తమ్ముడిదే న్యాయం అంటున్నడు" అన్నాడు హనుమంతప్ప నేల చూస్తూ.

తరవాత ముసలాయన మీలో ఎవరి పొలం పైన, ఎవరిది కింద అని అడిగినట్టున్నాడు. హనుమంతప్ప ఏదో గొణిగాడు. నేను ఊరుకోలేక లేచి, గోనెసంచిలో మట్టి నింపడం, మోసుకొచ్చి బోదెలో వేయడం, నేను లాగడం, ఆయన మళ్లీ వేయడం అన్నీ అభినయించి చూపించాను. చిన్నప్పుడు వీధి భాగవతంలో వేషం వేసినవాణ్ణి, బాగానే వచ్చింది. ముసలాయన మొదట నవ్వాడు. తరవాత నవ్వడం మానేసి, హనుమంతప్ప వైపు తిరిగి హుక్కా మళ్లీ నింపేదాకా మాట్లాడాడు.

"ఏమంటున్నారు?" అన్నాను.

"మజ్జిగ ఇంకింత కావాల్నా అంటున్నడు" అన్నాడు హనుమంతప్ప.

రూర్కీ

టైరు మార్చుకుని కర్నాల్, అక్కణ్ణుంచి సహారన్‌పూర్, అక్కణ్ణుంచి రూర్కీ చేరేసరికి రెండు రోజులైంది. దారి పొడుగునా హనుమంతప్ప మాట తగ్గించాడు. పేఠా కూడా తగ్గించాడు.

రూర్కీలో గంగ కాలువ ఒక నది మీదుగా పోతుంది. కింద నది, పైన కాలువ. గట్టు మీద గుర్రమంత రాతి సింహాలు. మా తుంగభద్ర కాలువకి సింహాలు కాదు కదా, గట్టు మీద సరైన చెట్టు కూడా లేదు. కానీ తొంగి చూస్తే కాలువలో చుక్క నీరు లేదు. అడుగున బురద, మధ్యలో మేకలు.

"వీళ్లది గూడ ఆఖరి పొలమే పాపం" అన్నాడు హనుమంతప్ప. ఆ మాట హేళనకి అన్లేదు. నేను ఆయన మొహం చూశాను, నిజంగానే దిగులుగా ఉంది.

హరిద్వారం

సంగతి హరిద్వారంలో ఒక పండా, అంటే అక్కడి తీర్థ పురోహితుడు, చెప్పాడు. అందరూ మునిగే పెద్ద ఘట్టం దగ్గర పారేది కాలువకి మళ్లించిన పాయ. ఏటా దసరా తరవాత కాలువ మూసి, పూడిక తీసి, మరమ్మతులు చేసి, దీపావళికి మళ్లీ వదులుతారట. మేం వెళ్లినప్పుడు ఆ ఘట్టంలో నీళ్లు మోకాలి దాకా కూడా లేవు. కొందరు జల్లెళ్లు పట్టుకుని అడుగున భక్తులు వేసిన చిల్లర ఏరుకుంటున్నారు. మెట్ల మీద పంచెలు మార్చుకుని మునగడానికి సిద్ధంగా నిలబడ్డ యాత్రికులు మాలాగే ఇంకో నలభైమంది ఉన్నారు.

బోదెకి వేసే అడ్డుల గొడవ నుంచి తప్పించుకుని పదకొండు రోజులు ప్రయాణం చేసి వచ్చిన మాకు గంగ కూడా మూసేసి దొరికింది. నాకు నవ్వాగలేదు. హనుమంతప్ప మాత్రం మెట్టు మీద కూలబడ్డాడు.

"గిది నా పాపమే అన్నా" అన్నాడు.

"కాలువ మరమ్మతండీ. పండా చెప్పాడుగా, ఏటా చేస్తారట."

"గాదు. నీకు ఒక మాట జెప్పాలె." సంచి పట్టీ వేళ్లతో మెలిపెడుతూ అన్నాడు. "నీతోని ఎందుకొచ్చిన్నో తెల్సా? నువ్వు ఇంట్ల ఉంటే రోజూ వచ్చి సంచి గుంజుతవ్. వరి పొట్ట మీదున్నది. నిన్ను ఇరవై దినాలు దూరం దీస్కపోతే మా నర్సి ఆరాముగ నీళ్లు కట్టుకుంటదని వచ్చిన."

గంగ ఒడ్డున ఎవరినీ తిట్టకూడదంటారు. నేను తిట్టాను. నోరు నొప్పి పుట్టేదాకా తిట్టాను. నేను తెచ్చాననుకున్న మనిషి నన్ను తెచ్చాడు. హోటల్లో నాకు వినపడేలా గంగ మాట ఎత్తింది కూడా అందుకేనని ఆయనే ఒప్పుకున్నాడు. ఆయన తల వంచుకుని అంతా విని, చివర్న "నువ్వెందుకొచ్చినవ్ మరి?" అని మెల్లగా అడిగాడు.

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఎదురుగా పండా, చుట్టూ పుణ్యక్షేత్రం. చెప్పేశాను.

హనుమంతప్ప తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. "అంటే సీతమ్మ ఇప్పుడు నీళ్లన్ని…" అని ఆగాడు. నేను నరసమ్మను తలుచుకున్నాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది, అక్కడ ఎవరో ఒకరి పొలం ఎండిపోతోందని. ఎవరిదన్నదే తెలీదు.

ఊరి అవతల మూయని గంగ ఉందంటే రెండు మైళ్లు నడిచి వెళ్లి, గబగబా మూడేసి మునకలు వేసి, చెంబులో నీళ్లు పట్టుకుని స్టేషనుకి పరిగెత్తాం. చూడాలనుకున్న ప్రయాగ, కాశీ రెండూ మా కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాయి.

తిరుగు దారి

ఢిల్లీలో బండి మారే మధ్య హనుమంతప్ప మాయమయ్యాడు. గంట తరవాత, ఈసారి తనంతట తనే రోడ్లు దాటి, ఒక పాత జేబు గడియారంతో తిరిగొచ్చాడు. పద్దెనిమిది రూపాయలట.

"ఇద్దరికి ఒకటే. బోదె కాడ పెడదం. ఆ ముసలాయన లెక్క. ఏ రోజు ఎవరిదో రాసుకుందం" అన్నాడు.

ఆరేళ్లుగా నేను వినాలనుకున్న మాట అది. నిజం చెబుతున్నాను, నాకు కళ్లు చెమర్చాయి. గడియారం ఝాన్సీలో ఆగిపోయింది. ఊపినా, తట్టినా, చెవిలో బతిమాలినా కదల్లేదు. ఆయన మాత్రం దాన్ని రాయచూరు దాకా మెళ్లోనే ఉంచుకున్నాడు.

బోదె

రాయచూరు నుంచి వచ్చిన బస్సు దిగి, ఇళ్లకి కూడా పోకుండా, సంచులతోనే పొలానికి నడిచాం. ముందు ఆయన వరి కనబడింది. పచ్చగా, పొట్ట విచ్చుతూ ఉంది. అయితే ఎండింది నాదేనన్నమాట అనుకున్నాను. ఇంకో వంద అడుగులు వేస్తే నాది కనబడింది. అదీ పచ్చగానే ఉంది. ఎన్నులు అప్పుడే తొంగి చూస్తున్నాయి. నేను గట్టు మీద కూర్చుండిపోయాను. ఆ సంతోషం ఎలా ఉంటుందో, ఒకసారి తాలు పంట కోసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

గట్టు చివర సీత, నరసమ్మ పక్కపక్కన కూర్చుని ఒకే గిన్నెలోంచి ఏదో తింటున్నారు.

"ఇరవై రోజులన్నారుగా, అప్పుడే వచ్చేశారేంటి?" అంది సీత. ఆ గొంతులో ఎదురుచూసిన ఛాయలేమీ లేవు.

నరసమ్మ చెప్పింది. "మీరు పోయిన్నాడు నేను సంచి ఏస్తి, ఈమె గుంజె. మల్ల ఏస్తి, మల్ల గుంజె. రెండు దినాలకు ఇద్దరికి చేతులు నొచ్చినయ్. మీరు ఆరేండ్లు ఎట్ల జేసిన్రో మరి."

మూడో రోజు పొద్దున ఇద్దరూ అలిసిపోయి గట్టు మీద కూర్చుని ఉండగా, రోడ్డు మీద రాయచూరు బస్సు హారన్ కొట్టిందట. ఈ బస్సు నుంచి రేపటి బస్సు దాకా మీది, ఆ పైన ఎల్లుండి బస్సు దాకా మాది అనుకున్నారట. అంతే. గడియారం లేదు, రాతకోతలు లేవు.

హనుమంతప్పకి ఇంకా గంగ గట్టు మీది బరువు దిగినట్టు లేదు. సంచి కింద పడేసి, పంచె ఎగ్గట్టి, బోదెలోకి దిగాడు. నాకు నీళ్లు వదలాలని, తన చేత్తో, జన్మలో మొదటిసారి అడ్డు లాగబోయాడు. నరసమ్మ ఆయన చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

"ముట్టకు. ఇయ్యాల మన వంతు. రేపు బస్సొచ్చినంక వాళ్లకు."

ఆయన నా వంక దీనంగా చూశాడు. ఆవిడదే న్యాయమన్నాను. ఒడ్డుకొచ్చి, చెంబు గంగాజలం ఆడవాళ్లిద్దరికీ చేతుల్లో పోశాడు. వాళ్లు కళ్లకద్దుకుని తాగి, తినడంలో పడ్డారు.

మర్నాడు పొద్దున నేను పారతో వెళ్లేసరికి హనుమంతప్ప ఆగిపోయిన గడియారం మెళ్లో వేసుకుని అప్పటికే గట్టు మీద కూర్చుని ఉన్నాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను. బస్సు అరగంట ఆలస్యంగా వచ్చింది. నా నీళ్లు నాకు ఆలస్యం చేస్తున్నాడని, ఆ అరగంటా ఆయన డ్రైవరుని తిడుతూనే ఉన్నాడు.